వాడుకలో లేని నంబరు

మా ఇంటి ల్యాండ్‌లైను తీయించింది నేనే. కాగితం మీద సంతకం కూడా నాదే. ఎవరో వచ్చి తీసుకుపోయినట్టు, కాలం మారి దానంతటదే పోయినట్టు చాలామందితో చెప్పాను కాబట్టి ఈ మాట ముందే రాసేస్తున్నాను.

అప్పుడు మా జూనియర్ కాలేజీ మూసేసి, పాఠాలన్నీ కంప్యూటర్లో చెప్పమన్నారు. నేను కెమిస్ట్రీ చెబుతాను. సమీకరణం సగం రాసేసరికి తెర బిగుసుకుపోయేది. పిల్లలు "మేడమ్, వినబడట్లేదు" అని టైపు చేసేవారు. సీతమ్మధారలో మా వీధికి ఫైబరు అనే సన్న తీగ ఇంటర్నెట్టు వచ్చిందనీ, ఫోను కూడా దాని మీదే నడుస్తుందనీ పక్కింటావిడ చెప్పింది. మా ఆయనతో అంటే, "పెట్టించుకో. ఆ నంబరు మాత్రం తీసీకు" అన్నారు. ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగి. చాలా కాగితాల్లో ఆ నంబరే ఉందని ఆయన బాధ.

కనెక్షను ఇవ్వడానికి వచ్చినాయన నలభై ఏళ్ళ మనిషి. మా చుట్టుపక్కల కేబుల్ టీవీ కూడా ఆయనదే. గోడకి రంధ్రం వెయ్యకముందే అడిగాడు, పాత నంబరు ఉంచుతారా అని. ఉంచాలంటే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టుకోవాలి, వారం పది రోజులు పట్టొచ్చు. కొత్త నంబరైతే సాయంత్రానికల్లా మోగుతుంది. మర్నాడు పొద్దున్న నాకు రెండు క్లాసులున్నాయి. కొత్తదే ఇచ్చెయ్యమని, పాత లైను వద్దని ఆయన ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టేశాను. ఆయన తీగ చుట్ట విప్పుతూ మళ్ళీ అడిగాడు.

"పాతదానికి ఫోన్లేవీ రావాండీ?"

"దానికెవరు చేస్తారు" అన్నాను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక, పాత నంబరు ఇవ్వడం కుదరదన్నారని చెప్పాను. ఆయన కాసేపు విసుక్కుని ఊరుకున్నారు. ఇంత చిన్న విషయానికి అబద్ధం ఎందుకు చెప్పావని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇదొక్కటే చెప్పగలను. నిజం చెబితే ఆయన మర్నాడే ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టి ఉండేవారు. నా క్లాసులు ఆగేవి. అంతే.

ఆ నంబరుకి ఎవరు చేస్తారో నాకు తెలియకపోలేదు. అప్పుడు గుర్తు చేసుకోలేదు.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె ఉంది. సముద్రం ఒడ్డున జాలరిపేట నుంచి సత్తు బేసిను నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళకి పైగా మా వీధికి వస్తోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మా ఊళ్ళో అక్కని పిలిచినట్టే నేనామెను అప్పా అని పిలిచేదాన్ని. మా వీధిలో వంజరం ఎక్కడ కొయ్యాలో, నెత్తళ్ళు ఎలా చెయ్యాలో ఆమె దగ్గర నేర్చుకోని ఇల్లు లేదు. ఆమె భర్త ప్రతి ఏడూ వానాకాలం మధ్యలో గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసి, ఎండలు ముదిరాక తిరిగొచ్చేవాడు. ఆ పేటలో చాలామంది మగాళ్ళది అదే బతుకు. చేతుల్లో సెల్లులు లేని రోజులవి. రేవుకి బోటు చేరినప్పుడల్లా అతను ఎస్టీడీ బూత్ నుంచి మా ఇంటికి ఫోను చేసేవాడు. ఆ సదుపాయం నేనే ఇచ్చాను. ఇచ్చినందుకు గర్వపడ్డాను కూడా. మా ఇంటికొచ్చిన చుట్టాలతో ఆమె ముందే ఆ సంగతి చెప్పేదాన్ని.

మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ చదువు రాదు. అప్పుడు రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి వాళ్ళిద్దరినీ మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చోబెట్టి, ఎక్కం నేర్పినట్టు ఆ నంబరు నేర్పింది. అతను ఒక్కో అంకెకీ ఒక్కో వేలు మడుస్తూ, పెదవులు కదుపుతూ చెప్పేవాడు. తప్పు పోతే మా అమ్మాయి మొదటి నుంచి చెప్పించేది. ఆదివారం పొద్దున్న ఆమె వచ్చి అదే మెట్టు మీద కూర్చునేది. ఫోను మోగితే లోపలికొచ్చి, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, గుజరాత్‌కి వినబడేంత గట్టిగా మాట్లాడేది. ఆ అరుపుకి నాకు కొన్నిసార్లు విసుగొచ్చిన మాట నిజం.

తరవాత వాళ్ళకీ సెల్లులు వచ్చాయి. మా ఇంటికి ఫోన్లు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆమె సెల్లు నంబరు నేనెప్పుడూ అడగలేదు. చేపలు కావాలంటే ఆమె ఎలాగూ వస్తుంది కదా.

కొత్త ఫోను పెట్టించిన ఏడాదికి, దీపావళి వెళ్ళిన పది రోజులకనుకుంటాను, ఒక పొద్దున్న ఆమె బేసిను లేకుండా వచ్చింది. నెత్తి మీద బరువు లేకుండా ఆమెని చూడడం అదే మొదటిసారి. గేటు తీసుకుని తిన్నగా గుమ్మం దాకా వచ్చి అడిగింది.

"అమ్మా, మాయింటోడు ఫోను సేసినాడేటి?"

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. ఆ ఏడు అతను ఎప్పుడూ వెళ్ళే జట్టుతో కాకుండా వేరే ఊరి వాళ్ళతో వెళ్ళాడు. రేవుకొచ్చిన ప్రతిసారీ ఫోను చేసేవాడు చెయ్యలేదు. ఈమె చేస్తే స్విచాఫ్ అని వస్తోంది. పదిహేను రోజులు చూసి వాళ్ళని తీసుకెళ్ళిన మేస్త్రీ ఇంటికి వెళ్తే, అక్కడ మేస్త్రీ భార్యకి తెలిసిన సంగతి ఇంతే: వల లాగే తాడు చుట్టుకునే డ్రమ్ములో అతని చెయ్యి పడింది. జేబులో సెల్లు సముద్రంలో పోయింది. ఏదో చిన్న రేవులో దింపి ఆసుపత్రిలో చేర్పించి, బోటు మళ్ళీ వేటకి వెళ్ళిపోయింది. ఏ రేవో, ఏ ఆసుపత్రో ఆమెకి తెలీదు. మేస్త్రీ నడిసముద్రంలో ఉన్నాడు.

"నా సెల్లు నెంబరు రెండుసార్లు మారిపోనాదమ్మా. ఆడికి రాదు. ఆడికి నోటికొచ్చింది మీ నెంబరొక్కటే. బతికుంటే దీనికే సేత్తాడు" అంది.

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఆ నంబరు ఇప్పుడు లేదప్పా అని. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా. ఆమె మొహం చూశాను. నేను అన్నది వేరు.

"రాలేదప్పా."

రాలేదన్నది నిజమే కదా అని లోపల ఒక మూల అనుకున్నాను. పిల్లలు పరీక్షలో కాపీ కొట్టి దొరికినప్పుడు ఇలాంటి వాదనే చేస్తారు. నేను వాళ్ళని నిలబెట్టి చివాట్లు పెడతాను.

కాసేపు కూర్చుని చూస్తానంది. కూర్చోమన్నాను. కిటికీలోంచి హాల్లోకి తొంగిచూసి, కొత్త ఫోను పెట్టారేటమ్మా అనడిగింది. పాతది పాడైపోయిందన్నాను. తెల్లటి పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతూ ఉంది. ఆమె దానివంకే చూస్తూ మెట్టు మీద కూర్చుంది.

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, నా సెల్లు నుంచి మా పాత నంబరుకి చేశాను. మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. తెలుగులో చెప్పి, హిందీలో చెప్పి, ఇంగ్లీషులో చెప్పింది. మూడూ విన్నాను. ఎక్కడో ఒక మంచం మీద నుంచి ఎవరిచేతో ఫోను చేయించుకుంటున్న మనిషికి ఇదే వినబడుతూ ఉంటుందని తెలుస్తూనే ఉంది. సెల్లు పెట్టేసి బియ్యం కడిగాను.

మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళింది. అన్నం పెడతానంటే వద్దంది. వెళ్తూ వెళ్తూ, తను లేనప్పుడు వస్తే ఏ ఊరో అడిగి రాసి ఉంచమంది. ఉంచుతానన్నాను.

ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది. ఇప్పుడు చెబితే ఆమె ఆశ పోతుందనుకున్నాను. అతను ఈపాటికి ఇంకో దారి వెతుక్కుని ఉంటాడనుకున్నాను. రేపు టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి ఆ నంబరు మళ్ళీ తెప్పించేస్తే చెప్పాల్సిన అవసరమే రాదనుకున్నాను. అన్నిటికంటే ఈ చివరిదే నన్ను ఎక్కువ పట్టుకుంది.

మర్నాడు ఆమె ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది. ఇవాళ చెప్పేస్తాను అనుకుంటూనే టీ ఇచ్చాను. కాలేజీలో పనుందని చెప్పి టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి పాత కాగితాలు తీయించి చూశాడు. లైను వద్దని మీరే రాసిచ్చారు కదండీ అని నా సంతకం నాకే చూపించాడు. నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే రావచ్చు, ఎన్నాళ్ళకని మాత్రం చెప్పలేనన్నాడు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని బతిమాలాను. ఆయనకి జాలి కలిగింది. అలాంటప్పుడు ఎందుకు తీయించారండీ అని మామూలుగానే అడిగాడు. దరఖాస్తు నింపి ఇచ్చి వచ్చేశాను.

ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన నైట్ షిఫ్టు తరవాత పడుకుని లేచినట్టున్నారు, లుంగీతో గుమ్మంలో నిలబడి ఆమెతో మాట్లాడుతున్నారు. ముందు రోజు ఆయన షిఫ్టు వేళల వల్ల ఇద్దరూ ఒకరికొకరు తారసపడలేదు. నేను ఆయనతో ఏమీ చెప్పలేదు.

"ఆ నంబరు ఎక్కడుందమ్మా ఇప్పుడు" అంటున్నారాయన. "ఇది వేరే నంబరు. పాతది ఇవ్వడం కుదరదన్నారంట కంపెనీవాళ్ళు. ఏడాదైపోయింది. ఈమె చెప్పలేదేటి నీకు?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను గేటు గడియ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె మెట్టు మీద నుంచి లేచి, చీర వెనక దుమ్ము దులుపుకుంది. నా పక్క నుంచి వెళ్తూ ఆగింది.

"నిన్న సెప్పుంటే బాగుండునమ్మా. ఈ రెండ్రోజులు నాను వేరేసోట తిరుగుదును కదా."

గొంతు పెంచలేదు. నన్ను తిట్టలేదు. వీధి చివర దాకా నడిచి ఆటో ఎక్కింది.

మా ఆయనకి అప్పుడు జరిగిందంతా చెప్పాను. కంపెనీవాళ్ళు ఇవ్వనన్నారన్నది అబద్ధమని తప్ప. ఆ ఒక్కటీ అప్పుడు కూడా దాచుకున్నాను. రెండు రోజులు ఆమెని అలా ఎలా కూర్చోబెట్టావు అనడిగారు. ఆయన స్నానం చేసి, ప్లాంటులో పనిచేసే స్నేహితులకి ఫోన్లు మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకాయన బావమరిది గుజరాత్‌లో ఉంటాడు. ఆయన రేవుల పేర్లు చెప్పాడు. నాకు హిందీ బాగానే వచ్చు. ఇంటర్నెట్టులో ఒక్కో రేవు ఊళ్ళో ఉన్న ఆసుపత్రుల నంబర్లు వెతికి, కాగితం మీద రాసుకుని చెయ్యడం మొదలుపెట్టాను. కొందరు పెట్టేసేవారు. కొందరు ఆగమని చెప్పి మరిచిపోయేవారు. ఆ కొత్త ఫోను మీద నుంచే అన్నీ చేశాను. మాట చాలా స్పష్టంగా వినబడేది.

రెండో రోజు సాయంత్రం ఒక నర్సు దొరికింది. ఆంధ్రా నుంచి వచ్చిన బోటు మనిషి, కుడి చెయ్యి, అనగానే ఆమె గుర్తుపట్టింది. ఉన్నాడట. జ్వరం పట్టి వారం రోజులు తెలివి సరిగ్గా లేదట. ఆ పొద్దున్నే డిశ్చార్జి చేశారు. పక్క మంచం రోగిని చూడడానికి వచ్చిన శ్రీకాకుళం మనిషి ఒకడు, సెలవు మీద ఊరికి వెళ్తూ అతన్ని రైల్లో తనతో తీసుకెళ్ళాడు. ఏ రైలో కూడా చెప్పింది. తరవాత అడిగింది.

"రోజూ ఒక నంబరు చెప్పేవాడు, అది మీదా? ఎన్నిసార్లు చేశామో. లేదని వస్తోందంటే నమ్మేవాడు కాదు. మేమే తప్పు నొక్కుతున్నామని మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. చివరికి మేం చెయ్యడం మానేశాం."

అది మాదేనని నేను చెప్పలేదు. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆ కబురు చేపలామెకి చెప్పాలంటే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియలేదు. అప్పా అప్పా అని ఇరవై ఏళ్ళు పిలిచాను. ఇల్లు తెలీదు. మా ఆయనే స్కూటరు మీద జాలరిపేట వెళ్ళి, గుజరాత్‌లో చెయ్యి దెబ్బతిన్నవాడి ఇల్లని చెప్పి, నలుగురిని అడిగి, ఆమెని కనుక్కుని చెప్పి వచ్చారు. నేను వెళ్ళలేదు. రైలు వచ్చిన రోజు ఆమె, ఆమె అన్నదమ్ములు స్టేషనుకి వెళ్ళి అతన్ని దింపుకున్నారు. కుడి చేతికి రెండు వేళ్ళు ఆసుపత్రిలోనే తీసేశారు.

వారం తరవాత అతను మా ఇంటికి వచ్చాడు. పక్కన ఆమె కూడా ఉంది. చేతికి కట్టు, మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. మా ఆయన కుర్చీ వేశారు, కూర్చోలేదు. నా వైపు తిరిగి, ఎడంచేతి వేళ్ళు మడుస్తూ, ఆ నంబరు మొత్తం ఒక్క అంకె తప్పు లేకుండా చెప్పాడు.

"ఇదేకదమ్మా మీది? నాను సరిగ్గానే సెప్పినాను కదా?"

"ఇదే" అన్నాను.

అతని మొహం తేటపడింది. భార్య వైపు తిరిగి, సూసినావా అన్నాడు. జ్వరంలో తన బుర్ర పోయిందనుకున్నాడట. ఆసుపత్రిలో అందరూ నవ్వుతుంటే, తెలిసిన ఒక్క నంబరు కూడా మర్చిపోయాను, ఇంక ఇంటికెలా చేరతానని ఏడ్చాడట. ఇదంతా అతను ఒక కష్టం గడిచిపోయినవాడిలా, కొంచెం నవ్వుతూనే చెప్పాడు. మరి మోగలేదేటమ్మా అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఆమె అంది. "కంపెనీవోళ్ళు మార్చీసినారంట. ఆయమ్మ ఏటి సేత్తాది?"

నేను నోరు మూసుకున్నాను. మా ఆయన అవునంటూ తలూపారు. నా అబద్ధాన్ని నా కళ్ళ ముందు ఇద్దరు మంచి మనుషులు మోస్తున్నారు. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను.

ఆ రాత్రే మా ఆయనకి నిజం చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. "నాకు చెప్పుంటే నేనే వెళ్దును కదా ఆఫీసుకి. ఎంత పని?" అన్నారు. ఆ మాట తరవాత ఇంతవరకూ ఆయన ఆ ప్రసక్తి తేలేదు.

ఆదివారం నేను ఆటోలో జాలరిపేట వెళ్ళాను. ఆయన తోడు వస్తానంటే వద్దన్నాను. ఇసుక మొదలయ్యే చోట ఆటో దిగి అడుగుతూ వెళ్తే, రెండు గదుల శ్లాబు ఇల్లు చూపించారు. బయట తాళ్ళ మీద చేపలు ఎండుతున్నాయి. అతను ఇంట్లో లేడు, కట్టు మార్పించుకోవడానికి వెళ్ళాడు. ఆమె నన్ను చూసి కంగారుపడి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. పక్కింటి పిల్లని పంపి కూల్‌డ్రింకు తెప్పించింది. నేను గ్లాసు పట్టుకుని, తాగకుండా, చెప్పడానికి వచ్చిందంతా చెప్పాను. ఎవరూ నంబరు మార్చలేదు, ఉంచుకోమన్నా నేనే వద్దన్నాను అని.

ఆమె నేల మీద కూర్చుని వింది.

"నాకు తెలుసమ్మా. ఆ కేబులాయన మా పేటలోనూ కనెక్షన్లు ఏత్తాడు. మీ ఇంటికాడ్నించి వొచ్చిన దినమే అడిగినాను."

మరి మీ ఆయనతో అలా ఎందుకు చెప్పావనడిగాను.

"ఆడికి సెప్తే ఏటొస్తాదమ్మా? పడాల్సింది పడీసినాడు." కుర్చీ తుడిచిన గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "నెంబరు తీయించినారు, మీ ఫోను, మీ ఇట్టం. నానొస్తానని మీకేటి తెలుసు? కానీ మోగదని తెలిసి నన్ను కూకోబెట్టినారు సూడండి. అదొక్కటే నాకు మనసులోంచి పోలేదు."

క్షమించమన్నాను. ఆమె సరేనమ్మా అంది. కూల్‌డ్రింకు తాగమంది. తాగాను. తిరిగి వెళ్తుంటే రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించింది.

టెలిఫోన్ ఆఫీసు నుంచి మర్నెల ఫోను వచ్చింది, పాత నంబరు ఇవ్వడానికి కుదురుతుందని. ఆ నంబరు ఫోను ఇప్పుడు హాల్లో ఇంకో బల్ల మీద ఉంది. అది మోగినప్పుడు ఎక్కువగా అప్పులిస్తామనేవాళ్ళే. అతను ఇప్పుడు గుజరాత్ వెళ్ళడం లేదు. ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసే చోట కూర్చుంటాడు. ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్నాడట.

ఆమె వారానికి రెండుసార్లు వస్తూనే ఉంది. చేపలు మునుపటిలాగే మంచివి ఇస్తుంది, మా అమ్మాయి కబుర్లు అడుగుతుంది. మా ఆయన ఇంట్లో ఉన్న రోజు ఆయనే గేటు దగ్గరికి వెళ్ళి తీసుకుంటారు. ఆమె గొంతు వీధి మలుపులో వినబడగానే నేను లోపల ఏదో ఒక పని వెతుక్కుంటాను. ఆయన లేని రోజు మాత్రం తప్పనిసరై నేనే వెళ్తాను.